ఏకాగ్రత లోపం, సైకోసిస్: ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ విడిపోతాయి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటిని ఒకచోట చేర్చి జవాబిస్తున్నాను. రాసినవారికి ఒకరితో ఒకరికి పరిచయం లేదు. అయినా అందరూ అడిగింది దాదాపు ఒకటే: ఏడీహెచ్‌డీ అని మనం పిలుస్తున్న ఏకాగ్రత లోపానికీ, లేని మాటలు వినిపించి, లేని శత్రుత్వాలు ఊహలోకి వచ్చి స్థిరపడిపోయే సైకోసిస్‌కూ సంబంధం ఉందా, ఉంటే అది ఎంతవరకు? ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా ఉత్తరాలను కుదించాను.

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. ఎనిమిదో ఏట ఏడీహెచ్‌డీ ఉందని తేల్చారు. అప్పటి నుంచి మిథైల్‌ఫెనిడేట్ వాడుతున్నాడు, దానితో చదువు గాడిన పడింది. గత ఐదారు నెలలుగా వాడు మా వాడిలా లేడు. స్నేహితులను వదిలేశాడు, గది తలుపు తీయడు, రాత్రంతా మేలుకునే ఉంటాడు. పుస్తకం ముందు గంటలు కూర్చున్నా ఒక పేజీ కదలదు. క్లాసులో అందరూ తన గురించే మాట్లాడుకుంటున్నారనీ, తన ఫోన్ ఎవరో వింటున్నారనీ అంటాడు. పాత జబ్బే ముదిరిందని కొందరు బంధువులు, ఇన్నేళ్లూ మాత్రలు మింగించి మెదడు పాడుచేశారని మరికొందరు అంటున్నారు. ఏది నిజం? మాత్రలు ఆపేయాలా?

జవాబు: అమ్మా, ముందు చేయవలసిన పని చెప్పి, ఆ తర్వాత కారణాల్లోకి వస్తాను. మీ అబ్బాయిని ఈ వారంలోనే మానసిక వైద్యులకు చూపించండి. పరీక్షలు అయ్యాక చూద్దామని, సెలవుల్లో వెళ్దామని వాయిదా వేయకండి. మాత్రలు రాస్తున్న డాక్టరు గారికి ఈ రోజే ఫోన్ చేసి, నాకు రాసిన విషయాలన్నీ వారికి చెప్పండి. ఇలాంటి అనుమానాలు మొదలైనప్పుడు మిథైల్‌ఫెనిడేట్‌ను ఆపించడమే సాధారణంగా వైద్యులు చేసే మొదటి పని. అయితే ఆ మాట వారి నోట రావాలి, ఎందుకంటే ఆపిన తర్వాత ఏ మార్పుల కోసం చూడాలో, ఎన్ని రోజులు ఆగాలో, ఈలోగా ఏ మందు అవసరమో కూడా వారే నిర్ణయించాలి. తనకు తాను హాని చేసుకుంటానని గానీ, తన మీద కుట్ర చేస్తున్నారని అనుకుంటున్నవారిని ఏదో ఒకటి చేస్తానని గానీ అన్నా, తిండీ నీళ్లూ మానేసినా, ఆ రాత్రికి రాత్రే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ఇక బంధువుల మాటల్లో మొదటిది. పాత జబ్బు ముదిరిందనడం సరికాదు, ఏడీహెచ్‌డీ ముదిరితే సైకోసిస్ కాదు. ఏకాగ్రత లోపం అనేది ఎదిగే వయసులోనే మొదలయ్యే సమస్య. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన డీఎస్‌ఎం-5 అనే మానసిక వ్యాధుల నిర్ధారణ గ్రంథం ప్రకారం దాని లక్షణాలు కొన్నయినా 12 ఏళ్లలోపే కనిపించి ఉండాలి, అవి ఇంట్లో మాత్రమో బడిలో మాత్రమో కాక కనీసం రెండు చోట్ల ఉండాలి. వస్తువులు పారేసుకోవడం, చెప్పింది చెవికెక్కకపోవడం, మొదలుపెట్టిన పనిని సగంలో వదిలేయడం, తన వంతు వచ్చేదాకా ఆగలేకపోవడం వంటివి కొన్ని రోజులు ఎక్కువగా, కొన్ని రోజులు తక్కువగా ఉన్నా, ఏళ్ల తరబడి ఒకే తీరున సాగుతాయి. మనుషుల్ని తప్పించుకోవడం, తన గురించే అందరూ గుసగుసలాడుతున్నారని నమ్మడం, ఫోన్ మీద నిఘా ఉందని భయపడడం ఈ జాబితాలో ఎక్కడా లేవు.

మరి పుస్తకం ముందు పేజీ కదలకపోవడం? ఆ ఒక్కటే రెండు జబ్బుల్లోనూ ఉంటుంది, అందరినీ పొరబాటు పడేలా చేసేదీ అదే. ఎనిమిదేళ్ల వయసులో కిటికీ అవతల ఏదో కదిలినందుకు మీ వాడి ధ్యాస పుస్తకం మీద నుంచి జారిపోయి ఉంటుంది. ఇప్పుడు బహుశా బయటి అలికిడిలో తన పేరు వినిపిస్తోందేమోనని చెవి రిక్కించి కూర్చోవడం వల్ల ధ్యాస పుస్తకం మీద నిలవడం లేదు. బయటి నుంచి చూసే మనకు రెండూ ఒకలాగే కనిపిస్తాయి. ధ్యాస చెదరడం జ్వరం లాంటిది. అది ఉందని తెలిసినంత మాత్రాన ఏ జబ్బు వల్ల వచ్చిందో తెలియదు. 19వ శతాబ్దం చివర్లో ఎమిల్ క్రెపెలిన్ డెమెన్షియా ప్రికాక్స్ పేరుతో వర్ణించి, 1908లో యూజెన్ బ్లాయిలర్ స్కిజోఫ్రీనియా అని పేరు మార్చిన, సైకోసిస్ కలిగించే వ్యాధిలో ధ్యాస నిలవకపోవడాన్ని ఆ తొలి వైద్యులే గుర్తించి రాశారు. ఆ వ్యాధి చాలామందిలో ఒక్క రోజులో బయటపడదు. మాటలు వినిపించడం మొదలుకావడానికి నెలల ముందు, ఒక్కొక్కరిలో ఏళ్ల ముందు, మార్కులు పడిపోవడం, నిద్ర తప్పడం, స్నేహాలు సన్నగిల్లడం, శుభ్రత మీద శ్రద్ధ తగ్గడం కనిపిస్తాయి. మామూలు కుర్రవాడిలో ఈ మార్పు వస్తే ఇంట్లోవారు ఏదో జరిగిందని కంగారు పడతారు. ముందే ఏడీహెచ్‌డీ అన్న ముద్ర ఉన్న కుర్రవాడిలో వస్తే, వీడు మొదటి నుంచీ ఇంతే కదా అని సరిపెట్టుకుంటారు. వైద్యులు కూడా ఒక్కోసారి అలాగే సరిపెట్టుకుని మాత్ర మోతాదు పెంచుతారు. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. అందుకే నేను తల్లిదండ్రులను ధ్యాస ఉందా లేదా అని ముందుగా అడగను. ఎప్పటి నుంచో ఉన్నది ఏది, కొత్తగా వచ్చినది ఏది అని అడుగుతాను. మీరు మీకు తెలియకుండానే ఆ ప్రశ్నకు జవాబు రాశారు: వాడు మా వాడిలా లేడు అని.

రెండో మాట మాత్రల గురించి. దీనికి ఒక్క వాక్యంలో జవాబివ్వడం అన్యాయం అవుతుంది, ఎందుకంటే మీ గుండెల మీద ఉన్న బరువు ఇదేనని ఉత్తరం చదివితే తెలుస్తోంది. మిథైల్‌ఫెనిడేట్, ఆంఫెటమిన్ వంటి ఉత్తేజక మందులు మెదడులో డోపమిన్ అనే రసాయనం పనిని పెంచుతాయి. సైకోసిస్‌కు వాడే మందులు డోపమిన్ గ్రాహకాలను, అంటే ఆ రసాయనం పనిచేసే చోట్లను, అడ్డుకుంటాయి. కాబట్టి మొదటి రకం మందు సైకోసిస్‌ను రేపగలదన్న భయం ఆధారం లేనిది కాదు. ఆంఫెటమిన్‌ను విచ్చలవిడిగా వాడినవారిలో స్కిజోఫ్రీనియాను పోలిన అనుమానాలు, భ్రాంతులు కలుగుతాయని ఫిలిప్ కానెల్ 1958లోనే వివరంగా గ్రంథస్థం చేశారు. డాక్టరు చెప్పిన మోతాదులో వాడేవారిలో కూడా అరుదుగా ఇలా జరగవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందుల వివరపత్రాల్లో హెచ్చరిక చేర్పించింది.

ఎంత అరుదు అన్నదే అసలు ప్రశ్న. 13 నుంచి 25 ఏళ్ల మధ్య వయసులో ఈ మందులు కొత్తగా మొదలుపెట్టిన రెండు లక్షల ఇరవై వేల మందికి పైగా అమెరికా యువత వివరాలను పరిశీలించి 2019లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన అధ్యయనంలో, సుమారు 660 మందిలో ఒకరికి సైకోసిస్ లక్షణాలు కనిపించాయి. మిథైల్‌ఫెనిడేట్ వాడినవారిలో అది 0.10 శాతం, ఆంఫెటమిన్ వాడినవారిలో 0.21 శాతం. మందు తీసుకోని వారితో పోల్చిన అధ్యయనం కాదు గనుక, ఆ కొద్దిమందిలోనూ ఎందరికి మందే కారణమో దాన్నిబట్టి చెప్పలేం. అదే ఏడాది లాన్సెట్ సైకియాట్రీలో వచ్చిన స్వీడన్ అధ్యయనం, మిథైల్‌ఫెనిడేట్ మొదలుపెట్టక ముందు కాలాన్నీ మొదలుపెట్టిన తర్వాతి కాలాన్నీ అదే మనుషుల్లో పోల్చి చూసి, సైకోసిస్ పెరిగిందనడానికి ఆధారం కనిపించలేదని తేల్చింది. ఆంఫెటమిన్ విషయంలో మోతాదు ముఖ్యం: ఎక్కువ మోతాదుల్లో ముప్పు స్పష్టంగా పెరుగుతుందని 2024లో అమెరికన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో వచ్చిన పరిశోధన చూపింది. ఆ పరిశోధనలో కూడా మిథైల్‌ఫెనిడేట్‌తో అలాంటి సంబంధం కనబడలేదు.

మీ అబ్బాయి పదకొండేళ్లుగా ఇదే మందు వాడుతున్నాడు. మందు వల్ల వచ్చే సైకోసిస్ ఎక్కువగా మందు మొదలుపెట్టిన తొలి నెలల్లోనో, మోతాదు పెంచినప్పుడో వస్తుంది. కనుక ఇన్నేళ్లు ఒకే తీరున వాడిన మాత్ర ఇప్పుడు హఠాత్తుగా ఈ పని చేసిందనుకోవడం కష్టం. అలాగని ఆ అవకాశాన్ని కొట్టిపారేయకూడదు. ఈ మధ్య మోతాదు పెరిగిందా, పరీక్షల కోసం తనంతట తాను రెండేసి మాత్రలు వేసుకున్నాడా, గంజాయి గానీ మరో మత్తు పదార్థం గానీ తీసుకుంటున్నాడా అన్నవి తెలుసుకోవాలి. గంజాయి గురించి అడిగేటప్పుడు గద్దించకండి, గద్దిస్తే నిజం రాదు. మందే కారణమైతే, దాన్ని ఆపిన తర్వాత లక్షణాలు సాధారణంగా కొద్ది రోజుల నుంచి కొన్ని వారాల్లో తగ్గుముఖం పడతాయి. నెల దాటినా నిలిచి ఉంటే అది వేరే జబ్బేనని భావించి చికిత్స సాగించాలి. మూర్ఛ, థైరాయిడ్, మెదడు వాపు వంటి శారీరక కారణాలు లేవని కూడా డాక్టరు గారు చూస్తారు.

ఇన్నేళ్లూ మాత్ర ఇచ్చినందుకు మీరు కుమిలిపోవలసిన పని లేదు. ఆ మాత్రే లేకపోతే మీ వాడికి ఆ చదువు దక్కేది కాదు.

ఇంట్లో ఎలా ఉండాలో రెండు మాటలు. ఫోన్ ఎవరూ వినడం లేదని వాదించకండి, వింటున్నారేమోనని ఒప్పుకోనూ వద్దు. "నీకు అలా అనిపిస్తుంటే ఎంత భయంగా ఉంటుందో నాకు అర్థమవుతోంది, నిద్ర లేక నువ్వు నలిగిపోతున్నావు, దానికి డాక్టరు గారి దగ్గరకు వెళ్దాం" అంటే చాలామంది పిల్లలు వస్తారు. నిద్ర పట్టకపోవడం వారికే బాధ కాబట్టి, ఆ దారిన తీసుకువెళ్లడం మోసం కాదు. వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద తేదీలవారీగా రాసుకుపొండి: చివరిసారి మామూలుగా ఉన్నది ఎప్పుడు, స్నేహితులు రావడం ఎప్పుడు మానేశారు, మొదటి అనుమానం ఎప్పుడు బయటపెట్టాడు, మాత్రల మోతాదు ఎప్పుడెప్పుడు మారింది. బడి నాటి ప్రగతి పత్రాలు ఉంటే వాటినీ తీసుకువెళ్లండి. ఏ స్కానింగూ చెప్పలేని సంగతి ఆ కాగితాలు చెబుతాయి. సైకోసిస్‌లో చికిత్స అందకుండా గడిచే కాలం ఎంత తగ్గితే కోలుకోవడం అంత మెరుగ్గా ఉంటుందన్నది ఎన్నో దేశాల అనుభవం. అది నెమ్మదించిన తర్వాత ఏడీహెచ్‌డీని ఎలా చూడాలన్నది మళ్లీ ఆలోచించవచ్చు.

ప్రశ్న: మా తమ్ముడికి 32 ఏళ్లు. ఏడేళ్లుగా స్కిజోఫ్రీనియాకు మందులు వాడుతున్నాడు. ఇప్పుడు మాటలు వినిపించడం లేదు, అనుమానాలూ లేవు. కానీ వార్తాపత్రికలో ఒక్క పేరా చదవలేడు, చెప్పిన పని మరచిపోతాడు, ఏ ఉద్యోగంలోనూ నిలవడు. కుర్చీలో కుదురుగా ఉండలేడు, కాళ్లు ఆడిస్తూ లేచి తిరుగుతుంటాడు. ఏడీహెచ్‌డీ గురించి వీడియోలు చూశాను, అన్నీ వీడికి సరిపోతున్నాయి. ఆ మందు రాయమంటే డాక్టరు గారు కుదరదన్నారు. ఇది న్యాయమేనా?

జవాబు: ఆ వీడియోల్లో చెప్పిన లక్షణాలు మీ తమ్ముడిలో ఉన్నాయన్నది నేను కాదనను. కానీ ఆ లక్షణాలకు ఆయన విషయంలో ఏడీహెచ్‌డీ కంటే ముందు ఆలోచించవలసిన కారణాలు మూడు నాలుగు ఉన్నాయి. లక్షణాలు స్కిజోఫ్రీనియా వంటి వ్యాధి సాగుతున్న కాలంలోనే కనిపిస్తుంటే వాటిని ఏడీహెచ్‌డీగా లెక్కించరాదని డీఎస్‌ఎం-5 స్పష్టంగా చెబుతోంది.

స్కిజోఫ్రీనియా అంటే వినిపించే మాటలూ అనుమానాలూ మాత్రమేనని అనుకుంటాం. నిజానికి బతుకుదెరువును ఎక్కువగా దెబ్బతీసేవి పైకి కనిపించని రెండు భాగాలు. ఒకటి, ఉత్సాహమూ చొరవా తగ్గిపోవడం. రెండు, ధ్యాస, జ్ఞాపకం, ఆలోచనా వేగం మందగించడం. ఇప్పుడున్న మందులు మాటలను ఆపినంత బాగా వీటిని బాగుచేయలేవు. పైకి కనిపించని ఈ ఇబ్బందిని ఇంట్లోవారు సోమరితనం అంటారు, తెలిసినవారు ఏడీహెచ్‌డీ అంటారు. అది ఆ వ్యాధిలో భాగమే.

తర్వాత మందులు. కాళ్లు ఆడించడం, కూర్చోలేక లేచి తిరగడం చదవగానే నాకు ముందుగా తోచింది అకథీసియా అనే దుష్ప్రభావం. సైకోసిస్ మందుల వల్ల లోపల ఏదో తరుముతున్నట్టు, ఒంట్లో కుదురు లేనట్టు అనిపించి మనిషి నిలవలేడు. చూసేవారికి అతి చురుకుదనంలా కనిపిస్తుంది, అనుభవించేవారికి అది నరకం. మోతాదు మార్చడమో, మందు మార్చడమో, మరో మాత్ర తోడు చేయడమో చేస్తే ఇది తగ్గుతుంది, కానీ ఎవరో ఒకరు డాక్టరు గారికి చెప్పాలి. మీ తమ్ముడి మందుల చీటీలో ట్రైహెక్సీఫెనిడిల్ అన్న పేరు ఉందేమో చూడండి. వణుకు, బిగుసుకుపోవడం తగ్గడానికి ఇచ్చే ఆ మాత్ర అవసరమైనవారికి మేలు చేస్తుంది, కానీ జ్ఞాపకాన్నీ ధ్యాసనూ మందగింపజేస్తుంది. మొదట్లో అవసరమై మొదలుపెట్టి, ఆ అవసరం తీరిపోయినా ఏళ్ల తరబడి చీటీ నుంచి చీటీకి మారుతూ సాగిపోవడం నేను తరచూ చూస్తుంటాను. మీరుగా ఆపవద్దు, ఇంకా అవసరమా అని అడగండి. పగటి మత్తు కలిగించే మందును రాత్రికి మార్చవచ్చా అన్నదీ అడగదగ్గ ప్రశ్నే.

ఇవన్నీ చూశాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది, అది మీరే తేల్చగలరు. మీ తమ్ముడు ఏడెనిమిదేళ్ల వయసులో ఎలా ఉండేవాడు? కుదురుగా కూర్చుని చదివే పిల్లవాడా, లేక ఆనాడే టీచర్లు రోజూ ఫిర్యాదు చేసేవారా? బాల్యం నుంచీ ఉన్న ఏడీహెచ్‌డీ, పాతికేళ్లకు వచ్చిన స్కిజోఫ్రీనియా ఒకే మనిషిలో ఉండడం అసాధ్యమేమీ కాదు, స్కిజోఫ్రీనియా వచ్చినవారిలో బాల్యపు ఏకాగ్రత లోపం మామూలు జనంలో కంటే ఎక్కువగానే కనిపిస్తుంది. అలా తేలినా మీ డాక్టరు గారి జంకు అర్థం చేసుకోదగ్గదే. నిలకడగా ఉన్న సైకోసిస్‌ను ఉత్తేజక మందు మళ్లీ రేపితే, ఆ ఏడేళ్ల కష్టం వెనక్కి పోవచ్చు. అటామోక్సిటిన్ వంటి ఉత్తేజకం కాని మందులు ఉన్నాయి, వాటికీ ఇలాంటి హెచ్చరిక ఉంది, అయినా కొందరిలో జాగ్రత్తగా ప్రయత్నిస్తారు. సైకోసిస్ మందు క్రమం తప్పకుండా సాగుతూ, దీర్ఘకాలం నిలకడగా ఉన్న కొద్దిమందికి నిపుణుల పర్యవేక్షణలో తక్కువ మోతాదులో ఉత్తేజక మందు ఇచ్చిన సందర్భాలూ ఉన్నాయి. అది అందరికీ చెప్పదగిన దారి కాదు.

డాక్టరు గారు కుదరదనడం న్యాయమే. కుదరదని అక్కడితో ఆగిపోతే మాత్రం న్యాయం కాదు. మీ తమ్ముడి ధ్యాసకు మరేం చేయవచ్చు అన్న ప్రశ్నకు జవాబు కోరే హక్కు మీకు ఉంది. ధ్యాస, జ్ఞాపకాలకు పదును పెట్టే శిక్షణ పద్ధతులు ఉన్నాయి, మనస్తత్వ నిపుణులు చేయిస్తారు. పనిలో చేరాక కూడా వెంట ఉండి సాయం చేసే ఉపాధి కార్యక్రమాలు అందుబాటులో ఉంటే అవి ఉద్యోగంలో నిలబెట్టడంలో ఎంతో తోడ్పడతాయి. ఇంట్లో ఒకసారికి ఒకే పని చెప్పండి, రాసి ఇవ్వండి, అయ్యాక రెండోది చెప్పండి.

ప్రశ్న: మా అమ్మాయికి 21. నిరుడు ఒక్కసారి చూసి ఏడీహెచ్‌డీ అని మందు రాశారు. పది రోజులుగా రాత్రికి రెండు గంటలు కూడా పడుకోవడం లేదు, అయినా అలసట లేదు. ఆపకుండా మాట్లాడుతోంది, ఒకేసారి నాలుగు వ్యాపారాలంటూ దాచుకున్న డబ్బంతా ఖర్చు పెట్టింది. తనకు దైవం నుంచి ఆదేశం వచ్చిందంటోంది. ఇది అతి చురుకుదనం రకమేనా?

జవాబు: కాదండీ. మీరు వర్ణించింది మేనియా. బైపోలార్ వ్యాధిలో వచ్చే ఉద్రేక దశ. దైవాదేశం అన్న నమ్మకం అందులో సైకోసిస్ కలిసిందని చెబుతోంది. ఏడీహెచ్‌డీ ఉన్నవారు కూడా ఎక్కువ మాట్లాడతారు, ఎదుటివారి మాటకు అడ్డుపడతారు, ఆలోచించకుండా ఖర్చు చేస్తారు, కానీ అది వారి నిత్యస్వభావం. ఫలానా తేదీన మొదలైందని చెప్పలేం. నిద్ర చాలకపోతే వారు మర్నాడు నీరసపడతారు. మీ అమ్మాయికి నిద్ర అవసరమే తగ్గిపోయింది, అదే పెద్ద గుర్తు. ఈ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లి, వాడుతున్న ప్రతి మందు పేరూ చెప్పండి, ఎందుకంటే ఉత్తేజక మందులే కాక దిగులుకు ఇచ్చే మందులు కూడా ఈ దశను ఎగదోయగలవు. కార్డులు, బండి తాళాలు కొన్నాళ్లు మీ దగ్గర ఉంచుకోండి. ఉద్రేకం పూర్తిగా చల్లారిన తర్వాత, బాల్యం గురించి మీతో తీరిగ్గా మాట్లాడి, అసలు ఏడీహెచ్‌డీ ఉందా లేదా అన్నది మొదటి నుంచి పరిశీలించమని కోరండి.

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. ఈ మధ్యే ఏడీహెచ్‌డీ అని తేలింది, మందు ఇంకా మొదలుపెట్టలేదు. నా బుర్రలో మాటలు ఒక్క క్షణం ఆగవు. నిద్ర పట్టబోతుండగా అప్పుడప్పుడు ఎవరో నన్ను పేరు పెట్టి పిలిచినట్టు వినిపిస్తుంది. మా బాబాయికి స్కిజోఫ్రీనియా ఉండేది. ఏడీహెచ్‌డీ ఉన్నవారికి సైకోసిస్ నాలుగైదు రెట్లు ఎక్కువగా వస్తుందని చదివినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. నాకూ అదే రాబోతోందా?

జవాబు: మీరు రాసిన రెండు అనుభవాల్లో ఏదీ సైకోసిస్ కాదు. బుర్రలో ఆగని మాటలు మీ ఆలోచనలేనని మీకు తెలుసు. ఒకదాన్ని తోసుకుంటూ మరొకటి రావడం ఏకాగ్రత లోపం ఉన్న పెద్దవారు ఎక్కువగా చెప్పుకునే బాధ. సైకోసిస్‌లో వినిపించే మాటలు పరాయివారి గొంతులా, చాలాసార్లు బయటి నుంచి వచ్చినట్టు, తన అదుపులో లేనట్టు ఉంటాయి, వాటిని విన్న మనిషి సాధారణంగా మీలా సందేహించడు, నమ్ముతాడు. నిద్రలోకి జారుకునే క్షణాల్లో పేరు పెట్టి పిలిచినట్టు వినిపించడం ఏ జబ్బూ లేని ఎంతోమందికి ఉంటుంది, నిద్ర తక్కువైతే ఇంకా ఎక్కువ అవుతుంది.

ఇక ఆ లెక్క. మీరు చదివింది 2021లో జామా సైకియాట్రీలో వచ్చిన విశ్లేషణ గురించి కావచ్చు. పన్నెండు అధ్యయనాలను, 18 లక్షలకు పైగా మనుషుల వివరాలను కలిపి చూసిన ఆ విశ్లేషణలో, బాల్యంలో ఏడీహెచ్‌డీ ఉన్నవారికి తర్వాతి కాలంలో సైకోసిస్ వ్యాధులు వచ్చే అవకాశం సుమారు 4.7 రెట్లు కనిపించింది. అంకె నిజమే, కానీ రెట్లు చూసినప్పుడు దేనికి రెట్లు అన్నది కూడా చూడాలి. స్కిజోఫ్రీనియా జీవితకాలంలో నూటికి ఒకరికంటే తక్కువ మందికి వస్తుంది. చిన్న అంకెను ఐదుతో గుణించినా చిన్న అంకే మిగులుతుంది; ఏడీహెచ్‌డీ ఉన్నవారిలో అత్యధికులకు సైకోసిస్ ఎన్నడూ రాదు.

పైగా రెండూ కలిసి కనిపించడం వేరు, ఒకటి మరొకదానికి కారణం కావడం వేరు. ఈ కలయిక వెనుక చాలా సంగతులు ఉన్నాయి. నెలలు నిండకుండా పుట్టడం వంటివి రెండింటి ముప్పునూ పెంచుతాయి. జన్యువుల్లో కొంత ఉమ్మడి వాటా ఉంది, అయితే 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన బ్రెయిన్‌స్టార్మ్ కన్సార్టియం అనే పరిశోధకుల బృందం అధ్యయనం ప్రకారం స్కిజోఫ్రీనియాకూ బైపోలార్‌కూ మధ్య ఉన్నంత దగ్గరి బంధుత్వం స్కిజోఫ్రీనియాకూ ఏడీహెచ్‌డీకీ మధ్య లేదు. 22వ క్రోమోజోములో చిన్న ముక్క లోపించే 22క్యూ11.2 అనే అరుదైన స్థితిలో మాత్రం రెండూ స్పష్టంగా కలుస్తాయి: అలాంటి పిల్లల్లో చాలామందికి ఏకాగ్రత లోపం ఉంటుంది, పెద్దయ్యాక నలుగురిలో సుమారు ఒకరికి స్కిజోఫ్రీనియా వంటి వ్యాధి వస్తుంది. వారిలో పుట్టుకతో గుండె లోపాలు, అంగిలి లోపాలు కూడా తరచూ ఉంటాయి కాబట్టి మీరు దాని గురించి బెంగ పెట్టుకోనక్కరలేదు. స్కిజోఫ్రీనియా ఉన్న తల్లిదండ్రుల పిల్లలను చిన్నప్పటి నుంచీ దశాబ్దాల పాటు వెంబడించిన న్యూయార్క్ హై రిస్క్ ప్రాజెక్టులో, తర్వాత జబ్బు పడినవారిలో చాలామందికి బాల్యంలోనే ధ్యాస పరీక్షల్లో తేడా కనిపించింది. అంటే కొందరిలో ఏకాగ్రత లోపం అని మనం రాసుకున్నదే రాబోయే జబ్బు తొలి నీడ అయి ఉండవచ్చు. ఏడీహెచ్‌డీ ఉన్న యువత సైకోసిస్ ముప్పును పెంచే గంజాయి వైపు, ఇతర మత్తుల వైపు ఎక్కువగా మొగ్గడం మరో కారణం. ఇందులో మీ చేతిలో ఉన్నది ఈ చివరిదే, ఇదే అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నాను: మీకు ఏడీహెచ్‌డీ ఉంది, బాబాయికి స్కిజోఫ్రీనియా ఉండేది, కనుక గంజాయి జోలికి అసలు పోకండి.

బాబాయి జబ్బు వల్ల మీకు ముప్పు కొద్దిగా పెరుగుతుంది. తల్లికో తండ్రికో, తోడబుట్టినవారికో ఉన్నప్పుడు పెరిగినంత కాదు. అయినా మందు మొదలుపెట్టే ముందు ఈ సంగతి మీ డాక్టరు గారికి తప్పక చెప్పండి. ఆ ఒక్క కారణంతో చికిత్స నిరాకరించరు. ఏ మందుతో మొదలుపెట్టాలి, ఎంత తక్కువ మోతాదుతో మొదలుపెట్టాలి, ఎన్నాళ్లకు మళ్లీ చూడాలి అన్నవి నిర్ణయించుకోవడానికి అది వారికి పనికివస్తుంది. చెప్పిన మోతాదు దాటవద్దు, స్నేహితుల మాత్రలు వాడవద్దు, రాత్రి నిద్రను చదువు కోసం బలి చేయవద్దు. మీతో కలిసి ఉండేవారిలో ఒకరికి ఈ విషయం చెప్పి ఉంచండి. మీ తీరులో కొత్త మార్పు, ముఖ్యంగా మనుషులను తప్పించుకోవడం, కారణం లేని అనుమానాలు, మెలకువలో ఉండగా మాటలు వినిపించడం వంటివి గమనిస్తే వెంటనే మీతోనూ, మీరు ఒప్పుకోకపోతే మీ డాక్టరు గారితోనూ మాట్లాడే అనుమతి వారికి ముందుగానే ఇవ్వండి. అలాంటి రోజు వస్తే, తనలో వచ్చిన మార్పు అందరికంటే ఆలస్యంగా తెలిసేది ఆ మనిషికే.